ఏడు సెకన్ల ముక్క

ఆపరేటర్ దర్జీ భార్యను సినిమాలోంచి కోసేశాడు. అందులో అనుమానానికి తావు లేదు. ముప్పై రెండేళ్ళుగా దర్జీ ఆపరేటర్‌తో మాట్లాడకపోవడానికి అదొక్కటే కారణం. అది చాలు.

"ఆ హాలు గడప తొక్కనని చెప్పానుగా టీచరమ్మా," అన్నాడు దర్జీ, కోటు గుడ్డ మీద సుద్దగీత గీస్తూ.

రిటైరయ్యాక హాలు కమిటీ పని నెత్తిన వేసుకున్న టీచరమ్మ, టికెట్టు తీసి కుట్టుమిషను మీద పెట్టింది. ఎగిరిపోకుండా దారపుండ బరువుంచింది.

"హాలు కప్పు కారిపోతోందయ్యా. తలా ఓ టికెట్టు కొంటే గానీ నిలవదు. అందుకే మన వీధిలో తీసిన సినిమా వేస్తున్నాం. ఆదివారం పొద్దునాట."

"కూలిపోనీ."

"పోయిన ముక్క దొరికిందట. మీ ఆవిడ ఉన్న ముక్క. ఈ ఆటకి అతికిస్తానన్నాడు ఆపరేటర్."

సుద్ద ఆగింది.

"దాచుకున్నవాడికి దొరక్కేం?"

"ముందు వచ్చి చూడు, తిట్లు తర్వాత. ఆ వేలికి కట్టేమిటి?"

"కత్తెర ఒరుసుకుంది. పాతదానికి మా ఆవిడ పిడికి ఎర్ర గుడ్డ చుట్టింది, మెత్తగా ఉండేది. చుట్టిన మనిషే దాన్నెక్కడో పారేసింది. ఏం చేశావే అంటే నోరు విప్పితేనా! తర్వాత కొన్నవేవీ చేతికి కుదిరి చావలేదు."

"పోయినావిణ్ణి ఇంకా సాధిస్తావా?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది టీచరమ్మ.

టికెట్టును అతను చింపెయ్యలేదు.

అప్పట్లో సినిమావాళ్ళు వచ్చి, వీధిలో నడిచే ఆడవాళ్ళు కావాలంటే పదిమంది వెళ్ళారు. గాలికి హీరో గొడుగు వెనక్కి తిరగబడుతుంది. చూసి ఆడవాళ్ళు నవ్వుతారు. ముందు వరసలో అతని భార్య. తల వెనక్కి వాల్చి నవ్వింది. మొత్తం ఏడు సెకన్లు. వీధి ఇచ్చినందుకు సినిమావాళ్ళు ఒక కాపీ హాలుకే ఉంచేశారు.

మొదటి ఆట చూసొచ్చి, అన్నం దగ్గర అతను ఒక్కమాటే అన్నాడు. "ఊరంతా చూస్తుండగా ఆ పళ్ళు బయట పెట్టడమేమిటి?" మొగుడన్నాక ఆ మాత్రం అంటాడు. ఆమె మజ్జిగ పోసి లేచిపోయింది.

రెండోవారం ఆ ముక్క లేదు. గొడుగు తిరగబడేది, వెంటనే ఖాళీ వీధి. నచ్చిన బొమ్మ కోసి దాచుకోవడం ఆపరేటర్లకు అలవాటేనని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆమె అంతలా నవ్వగా అతను చూడలేదు. అదీ ఆపరేటర్ పాపమే.

పోయినేడు ఆమె చనిపోతే గోడకు తగిలించడానికి గుర్తింపుకార్డు ఫొటో ఒక్కటే దొరికింది. అందులో పెదాలు బిగించి ఉంటుంది.

ఆదివారం అతను తాను కుట్టుకున్న కోటు వేసుకుని, చివరి వరసలో కూర్చున్నాడు. పైనుంచి బకెట్లోకి చుక్కలు పడుతున్నాయి.

"ఈ సీట్లో ఎవరైనా ఉన్నారా?" అనడిగాడు ఓ పెద్దమనిషి, పక్క కుర్చీ చూపించి.

"ఉన్నారు."

ఎవరూ రాలేదు.

తెర మీద గాలి లేచింది. గొడుగు తిరగబడింది. అతుకు దగ్గర బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత ఆమె. పక్కపన్ను కాస్త వంకరని అతను మరిచేపోయాడు. ఆమె నవ్వుతోంది. హాలంతా కూడా నవ్వింది. ఒకటి, రెండు, అని లెక్కపెట్టాడు. ఏడుకి వీధి ఖాళీ అయింది.

సినిమా అయ్యేదాకా ఆగలేదు. మెట్లెక్కి కేబిన్ తలుపు తోశాడు.

"రా బావా," అన్నాడు ఆపరేటర్, మిషను మీంచి చూపు తిప్పకుండానే. ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆ లెక్కన ఆ పిలుపు.

"బావా గీవా వద్దు. ముప్పై రెండేళ్ళు దాచావు. ఎందుకు కోశావు?"

"నేను కొయ్యలేదు."

"ఈ కొట్లోకి నువ్వు కాక ఇంకెవరొస్తారు?"

"ఒక్కసారి ఒకరొచ్చారు. ఏడుస్తూ వచ్చారు. తియ్యనంటే, వాళ్ళ చేత్తో వాళ్ళే కోసేశారు. తాము ఉండగా ఎవరికీ చెప్పొద్దు, అతికించొద్దు అన్నారు. మాటిచ్చాను."

"మరి ఇప్పుడెందుకు అతికించావు?"

"ఆ మాటకి గడువు పోయినేడు తీరింది."

"పేరు చెప్పు."

"నా నోటితో చెప్పను." ఆపరేటర్ బీరువా మీంచి తుప్పు పట్టిన రీలు డబ్బా దించాడు. "దేంతో కోశారో అది ఇక్కడే వదిలేసి పోయారు. తియ్యి, నువ్వే చూసుకో."

దర్జీ మూత తీశాడు. చూశాడు. మిషను తిరుగుతూనే ఉంది. రీలు అయిపోయి, కొస పటపటా కొట్టుకుంటుంటే అప్పుడు మూత పెట్టాడు.

మెట్ల కింద టీచరమ్మ ఎదురొచ్చింది. "తేలిందా? ఎవరు కోశారట? పేరు చెప్పు, కమిటీలో పెట్టి కడిగేస్తాను."

"ఆ మాట ఎత్తొద్దు."

"అదేమిటయ్యా, ఇన్నేళ్ళూ ఊరంతా చాటి..."

"ఇంకెప్పుడూ ఎత్తొద్దన్నాను. నేనూ ఎత్తను."

డబ్బాను కోటు లోపల పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి నడిచాడు.

డబ్బాలోని కత్తెర పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంది.