సముద్రం రంగు

"ఆ పడవ పైకప్పుకు ఈ రంగు వేయి నాయనా. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు."

పడవలకు రంగులేసే అన్న కుంచె ఆపి తలెత్తాడు.

ఎదురుగా ఎవరో పెద్దాయన. చేతిలో పెయింటు డబ్బా. మూత చుట్టూ కారి ఎండిపోయిన నారింజ రంగు.

"ఎవరండీ మీరు? రంగుల కంపెనీ వాళ్లా?"

"కాదు నాయనా. ఈ రంగయితే పైనుంచి బాగా కనబడుతుంది."

పడవలో కూర్చుని ఇంజను బిగిస్తున్న తమ్ముడు పకపకా నవ్వాడు.

"కనబడకూడదనే కదా పెద్దాయనా మా తిప్పలన్నీ!"

అదీ నిజమే. వేట నిషేధించిన నీళ్లలోనే చేపలుంటాయి. అక్కడే ఆ మాయదారి గస్తీ విమానం చక్కర్లు కొడుతుంది. దాని కళ్లు కప్పడానికి అన్న సొంతంగా ఒక రంగు కలిపాడు. నీలం కాదు, ఆకుపచ్చ కాదు, బూడిదా కాదు. అచ్చం సముద్రమే. మొదటిసారి నాన్న పడవకే వేశాడు. ఆ తర్వాత రేవంతా ఆ రంగే వేయించుకుంది. దాని మాటెత్తితే చాలు, అన్న కాలరెగరేసేవాడు. పడవ ఎక్కడుందో చెప్పే సిగ్నలు పెట్టె సంగతి సరేసరి, అది అందరి ఇళ్లలోనూ మేకుకు వేలాడేది.

"రేపు ఏదైనా జరగరానిది జరిగితే?" అన్నాడు పెద్దాయన.

అన్నకు చర్రున కోపం వచ్చింది.

"జరిగితే మాత్రం వస్తుందా ఆ విమానం? మా నాన్న గాలివానలో చిక్కుకున్న రోజు ఎక్కడ చచ్చింది? ఒడ్డున నిలబడి మెడలు నొప్పి పుట్టేలా చూశాం. రాలేదు. నాలుగు చేపలు పట్టుకుందామంటే మాత్రం ఠంచనుగా దిగబడుతుంది!"

పెద్దాయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"మీ నాన్న సంగతే నాయనా... ఆ రోజు..."

"మా నాన్న ఊసెత్తకు! మర్యాదగా చెబుతున్నా, వెళ్లిపో!"

 పెద్దాయన డబ్బా ఇసుకలో పెట్టేసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

"గస్తీ వాళ్ల మనిషే అన్నయ్యా. మనల్ని పట్టిద్దామని వచ్చాడు."

"ఎవడైతేనేం! ఊరికే వచ్చిన రంగు, వదలడమెందుకు?"

మరుగుదొడ్డి తలుపుకు వేశారు. అది వీధి చివరి నుంచి కూడా భగ్గుమని కనిపించేది.

"ఇక చుట్టాలెవరూ దారి అడగక్కర్లేదు బావగారూ," అంది మరదలు, తమ్ముడి భార్య. ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆ ఇంట్లో అదే ఆఖరి నవ్వు.

గాలివాన వచ్చింది. తమ్ముడు రాలేదు.

ఇన్నాళ్లూ నోరారా తిట్టిపోసిన విమానం చప్పుడు వినబడగానే అన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అది వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. తర్వాత రావడం మానేసింది.

"బావగారూ, ఇంకొక్కసారి వెతకమనండి. మీరు అడిగితే కాదనరు," అంది మరదలు, గస్తీ ఆఫీసు బయట బెంచీ మీద కూలబడి.

లోపల అధికారి కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి.

"ఒక్కసారి సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

"తిరగని చోటు లేదయ్యా."

"నీళ్ల కింద నక్కిన జలాంతర్గామినే మీ విమానం పట్టేస్తుందంటారు కదా సార్! మావాడు నీళ్ల మీదే కదా ఉన్నాడు!"

"అది ఇనుముది, చప్పుడు చేస్తుంది. మీది చెక్క పడవ. ఇంజను కూడా ఆగిపోయి ఉంటుంది. అంతెత్తు కెరటాల్లో రాడారుకు కెరటమేదో పడవేదో తెలియదు."

"ఒంటి వేడిని చూసే కెమెరా ఉందట కదా?"

అధికారి తల దించుకున్నాడు.

"తడిసి తడిసి చల్లబడిపోయాక ఇంకా వేడెక్కడిది? అప్పుడిక విమానం కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కళ్లే దిక్కు. ఇంతకీ పడవది ఏ రంగు?"

 ఆ రంగు ఇంకా అన్న గోళ్ల సందుల్లోనే ఉంది. చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"సముద్రం రంగు," అన్నాడు చివరికి.

అధికారి చేతిలో కలం కింద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

అన్న ఆయన మొహం చూడలేక గోడవైపు తిరిగాడు. అక్కడో ఫోటో. విమానం ముందు వరుసగా నిలబడ్డ సిబ్బంది. చివర్లో ఉన్న మనిషిని చూడగానే ఫోటో దగ్గరికి నడిచాడు.

"ఈయన... ఈయన మా రేవుకొచ్చాడు సార్. రంగు డబ్బా పట్టుకుని."

"మీ దగ్గరికీ వచ్చాడా? కిటికీ దగ్గర కూర్చునేది ఈయనే. నీళ్లలో చెప్పు తేలుతున్నా పట్టేసే కళ్లు. అలాంటిది ఒక్క పడవ దొరక్క ఉద్యోగం వదిలేశాడు. అప్పట్నుంచీ ఆ డబ్బాలు మోసుకుంటూ రేవు రేవూ తిరిగాడు. మొన్నీమధ్యే పోయాడు పాపం."

"ఏ పడవ సార్?"

"మీ రేవుదే. చాలా ఏళ్లయింది. ఒక ముసలాయన ఒంటరిగా వెళ్లాడట."



"మా నాన్న. కానీ సార్, ఆ రోజు విమానం రాలేదు. మేం చూస్తూనే ఉన్నాం."

"ఒడ్డు నుంచి మీకెలా కనబడుతుందయ్యా? వచ్చింది. తర్వాత తెలిసిన మాట మీకు చెప్పే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది. అది చెప్పడానికే ఆయన వచ్చి ఉంటాడు."

"ఏ మాట?"

అధికారి గొంతు తగ్గించాడు.

"విమానం సరిగ్గా మీ నాన్న నెత్తి మీంచే వెళ్లింది, ఈయన కిటికీలోంచి కిందికే చూస్తున్నాడు, నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు, తిరిగొచ్చాక విమానం తీసిన ఫోటో పెద్దది చేసి చూస్తే, ఆ నీళ్ల రంగు పడవలో మీ నాన్న నిలబడి చొక్కా ఊపుతున్నాడు."