చేర్చుకునే మనిషి

"పెద్దాయనా, ఇక్కడ ప్రార్థన జరుగుతోంది. తాగొచ్చి కూర్చోకూడదు. లేవండి."

మాట మర్యాదగానే ఉంది. కానీ మార్కు ఆ ముసలాయన్ని రెక్క పట్టుకుని అరుగు దింపేశాడు.

ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అడుగు తడబడుతోంది. ఒంటి మీంచి ఏదో ఘాటు వాసన గుప్పుమంటోంది. గుంటూరు పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాడికి ఇంకేం రుజువు కావాలి?

"తాగలేదు బాబూ..." అనబోయాడాయన. అరుగు నిండా కూర్చున్న కుర్రపిల్లల్ని చూసి ఎందుకో ఆగిపోయాడు.

"సరేలే, కానివ్వండి," అని నవ్వి, గళ్ల తువ్వాలు భుజాన వేసుకుని పోయి, మునగచెట్టు కింద స్ప్రేయరు డబ్బా పక్కన కూలబడ్డాడు.

కృష్ణా నది మధ్యలో ఉన్న ఆ లంక ఊరికి చర్చి యువజనులంతా సువార్త యాత్రకు వచ్చారు. నాయకుడు మార్కు. నాయకుడిగా ఇదే మొదటిసారి, అందుకే అంత హడావుడి.

బయల్దేరేటప్పుడు పాస్టరుగారు ఒకటే చెప్పారు. "ఊళ్లో దిగగానే మనల్ని చేర్చుకునే మనిషిని వెతకండి. దేవుడు ప్రతి ఊళ్లోనూ అలాంటి వాణ్ణి ఒకణ్ణి ఉంచుతాడు. వాడు దొరికితే ఊరు దొరికినట్టే."

పొద్దుట్నుంచీ వెతికారు పాపం. వీళ్లని చూసి తలుపులేసుకున్న ఇళ్లే ఎక్కువ. చివరికి షమా అనే పిల్ల పిలిచి అరుగు మీద చాప పరిచింది. నెలలు నిండి, కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల.

"కూర్చోండన్నా, నీడగా ఉంటుంది," అని ఆ కడుపుతోనే అందరికీ టీ పెట్టింది. చెట్టు కిందికీ ఒక గ్లాసు తీసుకెళ్లి ఇచ్చింది.

'ఎంత మంచి మనసు! తాగుబోతుకి కూడా టీ ఇస్తోంది,' అనుకున్నాడు మార్కు.

మధ్యాహ్నానికి నీళ్ల రంగు మారింది.

"పైన గేట్లెత్తారంట! వరదొస్తంది!" అని ఎవరో కేకలేసుకుంటూ పోయారు.

సరిగ్గా అప్పుడే షమా నడుం పట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది.

"అయ్యో, ఉమ్మనీరు పోయింది," అంది పక్కింటి పేరమ్మ. "బిడ్డ అడ్డం తిరిగిందని మొన్ననే డాక్టరమ్మ చెప్పింది. ఒడ్డు దాటించకపోతే తల్లీబిడ్డా దక్కరయ్యా!"

ఊరి పడవలు పొద్దున్నే కూరగాయలతో అవతలికి పోయాయి. రేవులో ఉన్నదల్లా వీళ్లొచ్చిన ఇంజను పడవ. దాన్ని నడిపే మాలకొండయ్య అవతలి ఒడ్డు వాడు, ఊళ్లో ఎక్కడో అన్నానికి వెళ్లాడు. అతని కోసం ఒకణ్ణి పరిగెత్తించారు. ఫోన్లకు సిగ్నల్ లేదు.

మార్కుకి చేతనైనది ఒక్కటే.

"అందరూ చేతులు పట్టుకోండి. కళ్లు మూసుకోండి. తండ్రీ, ఈ చెల్లిని కాపాడు. మాకు సాయంగా ఒక మనిషిని పంపు!"

భుజం మీద ఒక చెయ్యి పడింది.

"బాబూ, పడవ తాడు తెగేట్టుంది. నా ఒక్కడి వల్ల కాదు. ఎవరన్నా ఒకరు రండి."

అదే వాసన. అదే మనిషి.

ప్రార్థన మధ్యలో కళ్లు తెరిస్తే సాతానుకు సందిచ్చినట్టేనని చిన్నప్పట్నుంచీ విన్నాడు మార్కు. కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. గొంతు పెంచాడు. మిగతావాళ్లూ పెంచారు.

"బాబూ, తొందరగా..."

"ప్రభువా! మనిషిని పంపు!"

చెయ్యి భుజం మీంచి తొలగిపోయింది.

'ఆమెన్' అని కళ్లు తెరిస్తే వెనకాల ఆ ముసలాయన లేడు. మాలకొండయ్య మాత్రం రొప్పుతూ వస్తున్నాడు. షమాని నులకమంచం మీద పడుకోబెట్టి, తలో కోడూ పట్టుకుని రేవుకు పరిగెత్తారు.

రేవులో పడవ లేదు.

కొంచెం దిగువన, వరదలో సగం మునిగిన తుమ్మచెట్టు దగ్గర ఊగుతోంది. తెగిన తాడుకు ఎవరో గళ్ల తువ్వాలు ముడేసి చెట్టుకు కట్టారు.

"పీకలోతు నీళ్లలో కట్టాడ్రా, ఎవడో గానీ!" అన్నాడు మాలకొండయ్య. "మరి మనిషేడీ?"

ఒడ్డు బురదలో అడుగులు నీళ్లలోకి దిగి ఉన్నాయి. తిరిగొచ్చిన అడుగులు లేవు.

మాలకొండయ్య నడుముకు తాడు కట్టుకున్నాడు. కుర్రాళ్లు ఒడ్డున పట్టుకుంటే ఈదుకుంటూ వెళ్లి పడవ తెచ్చాడు. ఆ తాడు పట్టుకున్నంతసేపూ మార్కుకి భుజం మీద పడిన ఆ చెయ్యే గుర్తొచ్చింది. ఆయన అడిగింది ఇంతే కదా!

"ఆ ముసలాయన కోసం వెతుకుదాం..." అన్నాడు.

"ఈ వరదలో ఎక్కడని వెతుకుతావ్? ముందు ఈ రెండు ప్రాణాల్నీ దాటించు!" అని మాలకొండయ్య కసిరాడు.

పడవలోకి ఎక్కుతూ పేరమ్మ తాడుకింకా ముడేసి ఉన్న ఆ తువ్వాలు చూసింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. షమాకి వినపడకుండా ఏడుస్తోంది. ఎందుకని అడిగే ధైర్యం మార్కుకి లేకపోయింది.

నది మధ్యలో సిగ్నల్ దొరికి ఫోన్ చేస్తే, కాసేపటికి అవతలి ఒడ్డున అంబులెన్సు లైటు కనపడింది. మార్కు మాత్రం వెనక్కి తిరిగి నీళ్లకేసే చూస్తున్నాడు. నీళ్లు తప్ప ఏమీ లేవు.

నొప్పి కాస్త తెరిపిచ్చినప్పుడు షమా చెయ్యి చాపి, తడి తువ్వాలు దగ్గరికి లాక్కుంది.

"ఇది మా నాన్నది. వెనకాల వస్తున్నాడా అన్నా?"

మార్కు తల దించుకుని, జారిన తువ్వాలు కొస ఆమె చేతికందించాడు.

"మిరపతోటకి పురుగుమందు కొట్టి కొట్టి తల తిరుగుతోంది ఆయనకి, అంతేగానీ తాగలేదన్నా. మీకు చెబుదామంటే నన్ను వద్దన్నాడు. 'ఎండన పడొచ్చారని చాప వెయ్యమన్నది నేనే గదమ్మా, ఇల్లు నాదని తెలిస్తే ఆ పిల్లలు సిగ్గుపడి లేచిపోతారు, కూర్చోనియ్యి' అన్నాడు."