ముక్కుపురుగుకు గద్దగారి పేరు

అనగనగా ఒక కొబ్బరిచెట్ల దీవి. అక్కడొక ముక్కుపురుగుకు ముక్కెంత పొడుగో, పేరు మీద ఆశ కూడా అంత పొడుగు. ఒకనాడు పురుగుల్ని ముళ్ళకు గుచ్చే పిట్ట ఒకటి కళ్ళజోడు పెట్టుకుని సముద్రం దాటి వచ్చింది.

"ఆహా! లోకంలో ఎక్కడా లేని కొత్త జాతి!" అంది పిట్ట.

"మా తాతముత్తాతలూ ఇక్కడే పుట్టారే, కొత్తేమిటి?" అని గొణిగింది ముక్కుపురుగు మేనత్త.

"నువ్వూరుకో అత్తా! పండితులకు తెలియదూ?" అంటూ మన పురుగు ముక్కెత్తి నిలబడింది.

పిట్ట దాని ముక్కు కొలిచింది, వీపు మీది చుక్కలు మెచ్చుకుంది. ఆనక తనకు ఉద్యోగం వేయించిన గద్దగారి పేరు ఆ జాతికి పెట్టేసింది.

"అయ్యా, మరి నేను?" అంది పురుగు బిక్కమొహం వేసి.

"నువ్వు లేకపోతే ఎలా? సాక్ష్యం ఉండాలిగా!" అని పిట్ట దాన్ని ముల్లుకు గుచ్చింది. పోల్చి చూడాలంటూ అత్తతో సహా దీవిలోని మిగతా ముక్కుపురుగులన్నిటినీ మింగేసింది.

కొనఊపిరితో ఉన్న పురుగుకు పిట్ట ప్రకటన వినిపించింది. "ఇది చాలా అరుదైన జాతి. దీవంతా గాలించినా ఒక్కటే దొరికింది."