మేడం ప్రశ్నలు

పీహెచ్‌డీ సెమినార్‌లో నా ప్రసంగం ముగిసింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెన్ను మూత తీశారు. ఆయన ప్రశ్నలకు ఏడ్చినవాళ్ళు ఎందరో.

ఆయన నోరు తెరవకముందే మా గైడు మేడం లేచారు.

"మందివ్వని ఎలుకలు కూడా కోలుకున్నాయిగా, ఇక నీ మందు చేసిందేంటి?"

కంచే చేను మేసినట్టు అనిపించింది. ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఒళ్ళు మండి అన్నిటికీ జవాబిచ్చాను.

పరీక్షకుడు పెన్ను మూత పెట్టేసి మేడంతో అన్నారు. "నేనడగాల్సినవన్నీ నువ్వే అడిగేశావు కదమ్మా!"

బయటికొచ్చాక మేడంని నిలదీశాను. "అందరిముందూ నన్నలా కడిగేశారేంటి?"

"నా సెమినార్‌లో ఆయన ఇలాంటివే అడిగారు. భయంతో నాకు నోరు పెగల్లేదు. నేనడిగితే నీకు కోపమే వస్తుంది, భయం వెయ్యదుగా."