కత్తి మీద కాలు

"పన్నెండేళ్లుగా ఇదే కళ్లజోడా? ఇన్నాళ్లూ ఏ గుహలో కూర్చున్నావయ్యా?"

కళ్లజోళ్ల షాపు ఓనరు నోరు అలాంటిది. కళ్లు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాణ్ణి కూడా ఒక మాట అంటే గానీ తోచదు.

"అలాంటిదేలే బాబూ" అన్నాడు కుర్చీలోని పెద్దాయన. రేపు కూతురు చూడ్డానికి వస్తోందట. అమ్మాయి మొహం సరిగ్గా కనిపిస్తే చాలట.

ఓనరు వినిపించుకోలేదు. అద్దాలు మార్చి చూసే బరువైన ఫ్రేము పెద్దాయన ముక్కు మీద పెట్టి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు.

ఆయన మూడో వరుసలో ఉండగా తలుపు భళ్లున తెరుచుకుంది.

వచ్చింది నెల కిందటి దాకా అక్కడే అద్దాలు అరగదీసిన పనివాడు. ఫ్రేములు కొట్టేశావంటూ నలుగురి ముందూ కాలరు పట్టుకుని గెంటేశాడు ఓనరు. అప్పట్నుంచీ నీ అంతు చూస్తానని ఒకటే ఫోన్లు. ఓనరేమైనా తక్కువ తిన్నాడా, లైసెన్సున్న పిస్తోలు నడుముకు పెట్టుకునే తిరుగుతున్నాడు.

పనివాడి చేతిలోని కత్తి ఓనరు భుజాన్ని చీరింది. రెండో వేటుకి చెయ్యి లేచేలోపు పిస్తోలు బయటికొచ్చింది.

అంతే, పనివాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. కత్తి వదిలేసి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. బుద్ధొచ్చింది సార్, చంపొద్దు అని ఏడుపు.

అక్కడితో అయిపోవాల్సిన గొడవ. కానీ భుజం నుంచి రక్తం కారుతుంటే ఓనరుకి కోపం నషాళానికెక్కింది. తన ఉప్పు తిన్నవాడు తన మీదికే వస్తాడా.

కింద పడ్డ కత్తిని బూటుతో పనివాడి వైపు తోశాడు.

"తియ్యరా."

"వద్దు సార్."

"తీస్తావా లేదా? అది నీ చేతిలో ఉండగా కాలిస్తే నన్ను అడిగేవాడు లేడు."

పనివాడు ఏడుస్తూనే ఒక చెయ్యి దించబోయాడు.

కత్తి మీద ఒక అరిగిపోయిన చెప్పు పడింది. పెద్దాయనది. ముక్కు మీద ఆ ఫ్రేము అలాగే ఉంది.

"చేతులు దించకు. బోర్లా పడుకో" అన్నాడు పనివాడితో. తర్వాత ఓనరు వైపు తిరిగాడు. "నువ్వు వేలు ట్రిగ్గరు మీంచి తియ్యి. వాడి దగ్గరికి రాకు. బల్ల వెనక్కెళ్లి పోలీసులకి ఫోన్ చెయ్యి."

"తప్పుకో ముసలోడా. వాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. ఇందాక నువ్వు ప్రాణం కాపాడుకున్నావు. ఇప్పుడు కాలిస్తే మాత్రం హత్యే బాబూ."

పిస్తోలు పెద్దాయన గుండెకి గురిపెట్టాడు ఓనరు. ఆయన కాలు తియ్యలేదు.

తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు ఓనరు. ఇద్దరూ తోడుదొంగలే అన్నాడు. చివరికి ఆ తిట్లతోనే బల్ల వెనక్కెళ్లి ఫోన్ తీశాడు.

పోలీసులు వచ్చి పనివాడికి బేడీలు వేసేదాకా ఆ కాలు కత్తి మీదే ఉంది.

ఓనరు కసి ఇంకా తీరలేదు. పెద్దాయన ముక్కు మీది ఫ్రేము లాగేసుకున్నాడు.

"నీకు నా షాపులో కళ్లజోడు లేదు. నడు."

పెద్దాయన పాత జోడు పెట్టుకుని, చేత్తో గుమ్మం తడుముకుంటూ వెళ్లిపోయాడు.

ముసలి హెడ్ కానిస్టేబుల్ ఆయన వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డాడు.

"వాడు మీకు తెలుసా?" అడిగాడు ఓనరు.

"తెలియకేం. గడియారాల షాపు ఉండేది ఆయనకి. ఒకరోజు దొంగొకడు కత్తితో మీద పడ్డాడు. ఈయన పిస్తోలు తీసేసరికి చేతులెత్తేశాడు. ఈయన ఊరుకోలేదు, కత్తి వాడి వైపు తోసి, తియ్యమని బెదిరించి కాల్చేశాడు. పన్నెండేళ్ల జైలు. మొన్ననే విడుదలయ్యాడు."

ఓనరు చేతిలో ఫ్రేముతో గుమ్మం దాకా పరిగెత్తాడు. వీధి నిండా జనమే, పెద్దాయన లేడు.

హెడ్ కానిస్టేబుల్ వంగి, కత్తిని గుడ్డలో చుట్టుకున్నాడు.

"పాపం, ఆ రోజు ఆయన షాపులో ఇలా కత్తి మీద కాలు పెట్టేవాళ్లు ఎవరూ లేకపోయారు."