చెరో చెట్టు

"అబ్బాయ్, పెద్ద చెట్టు నువ్వెక్కు. మీరు ఆ చివరిదానికి నిచ్చెన వేసుకోండి అల్లుడుగారూ" అని మామగారు అల్లుళ్ళిద్దరికీ పని పంచేసరికి పెద్దల్లుడి ముఖం మాడిపోయింది.

చెర్రీ కోత ఎలా ఉంటుందో చూద్దామని సెలవు పెట్టుకుని భార్యలతో వచ్చారు అల్లుళ్ళిద్దరూ. కోత కాగానే ఇద్దరికీ చెరో చెట్టు ఇచ్చేస్తానని మామగారు పొద్దున కాఫీల దగ్గరే చెప్పాడు. పెద్ద చెట్టంటే మాటలా? తోటకంతటికీ అదే మహారాణి. మూడు చెట్ల కాపు అదొక్కటే కాస్తుంది. ఇక చివరిది... అదీ చెట్టే, కాదనలేం.

'అంటే పెద్దది వాడికన్నమాట' అనుకున్నాడు పెద్దల్లుడు. అతను బడిలో డ్రిల్లు మాస్టారు. వందమంది పిల్లలను ఒక్క ఈలతో ఆపగలడు గానీ, తన కడుపులో మంటను మాత్రం ఆపలేకపోయాడు.

అసలు ఆ పిలుపులే ఒళ్ళు మండిస్తాయి. తనేమో 'మీరు', 'అల్లుడుగారు'. వాడేమో 'నువ్వు', 'అబ్బాయ్', సంతోషం ఎక్కువైతే 'ఒరే'. గౌరవమంతా తనకు, ముద్దంతా వాడికి. గౌరవాన్ని కొరుక్కు తింటామా?

మామగారు ఒక కొమ్మ వంచి కోత నేర్పాడు. "పండు పట్టుకోకూడదు. తొడిమ పట్టుకుని ఇలా పైకి తిప్పితే దానంతటదే ఊడొస్తుంది. తొడిమ లేని పండు నిలవుండదు." తర్వాత తొడిమ మొదట్లో పొట్టిగా, గరుకుగా ఉన్న కణుపును వేలితో చూపించాడు. "అన్నిటికంటే ముఖ్యం ఇది. వచ్చే ఏటి పళ్ళు, ఆపై ఏటి పళ్ళు అన్నీ ఇందులోంచే రావాలి. గుంజారంటే ఇదీ ఊడుతుంది. ఊడిన చోట ఇంక జన్మలో కాయదు."

చిన్నల్లుడు ఆస్పత్రిలో కాంపౌండరు. వాడు సూది గుచ్చితే చంటిపిల్లలు కూడా ఏడవరట. ఆ మాట చెప్పిందీ మామగారే. ఆ చేత్తోనే వాడు నాలుగు పళ్ళు కోసి చూపించాడు.

"శెభాషురా అబ్బాయ్! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇదే పని చేస్తున్నట్టుంది నీ చెయ్యి."

పెద్దల్లుడూ కోశాడు. పంతం పట్టి, ఒక్క కణుపు కూడా కదలకుండా బకెట్టు నిండా కోసి తెచ్చాడు.

"బాగుంది అల్లుడుగారూ" అన్నాడు మామగారు. అంతే. దారినపోయేవాడికి టైము చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

నిచ్చెన కింద నుంచి భార్య తలెత్తి చూసింది. "ఏంటండీ, ముఖం అలా గంటు పెట్టుకున్నారు?"

"మీ నాన్న నాకు ఎండుకట్టె అంటగట్టి, వాడికి కల్పవృక్షం ఇస్తుంటే నవ్వమంటావా?"

"ఎవరికేదో నాన్న ఇంకా అననే లేదుగా?"

"నోటితో అనాలా? ఎవరితో ఏది కోయిస్తున్నాడో కనబడట్లేదూ?"

"అయ్యో, అది కాదండీ. మా ఇంట్లో పద్ధతేంటంటే..."

"మీ ఇంటి పద్ధతులు నాకు చెప్పకు! పెళ్ళైనప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

ఆవిడ మూతి ముడుచుకుని, బకెట్టు మోసుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కోత ముగించి అందరూ భోజనాలకు లేచారు. చేతులు కడుక్కొస్తానని పెద్దల్లుడు వెనకబడ్డాడు. పెద్ద చెట్టు కింద నిలబడి పైకి చూశాడు. పళ్ళు కోసిన కొమ్మల నిండా కణుపులు ఎక్కడివక్కడ పదిలంగా ఉన్నాయి. వచ్చే ఏడు వాడి పెళ్ళాం బుట్టలు బుట్టలు పళ్ళు పంపిస్తుంది, 'మా చెట్టువి' అంటూ. తను అవి తిని బాగున్నాయని చెప్పాలి!

నిచ్చెనెక్కాడు. ఒక కణుపు విరిచాడు. పుటుక్కుమంది. చెవికి హాయిగా ఉంది. ఇంకోటి విరిచాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. అందిన కొమ్మనల్లా మొదలు నుంచి కొస దాకా దువ్వేశాడు. నాకు లేనిది వాడికీ వద్దు! రాలిన కణుపులను గడ్డిలోకి తోసేసి, నిజంగానే చేతులు కడుక్కుని, భోజనానికి కూర్చుని మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

సాయంత్రం మామగారు కుర్చీలోంచి లేవకముందే పెద్దల్లుడు తొందరపెట్టాడు. "మామయ్యగారూ, వెలుతురుండగానే పెద్ద చెట్టు కోత ఎలా ఉందో చూసొద్దాం పదండి."

చెట్టు కింద మామగారు నిలబడిపోయాడు. ఒక కొమ్మ తడిమాడు. ఇంకో కొమ్మ తడిమాడు. చేతికి ఏమీ తగల్లేదు.

"ఇదేంటిరా అబ్బాయ్?" ఆయన వెంట వచ్చిన చిన్నల్లుడి వైపు తిరిగాడు.

చిన్నల్లుడు తెల్లబోయాడు. "నేను కాదు మామయ్యా! ఒట్టు, ఒక్కటి కూడా విరగ్గొట్టలేదు."

పొద్దుట్నుంచీ మండుతున్న పెద్దల్లుడి కడుపు అప్పటికి చల్లబడింది. దాంతో పాటే దయ కూడా పుట్టుకొచ్చింది. తోడల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"తిట్టకండి మామయ్యగారూ. కొత్త చెయ్యి, తెలియక గుంజి ఉంటాడు. అయినా తన చెట్టే కదా, చేసుకున్నవాడికి చేసుకున్నంత."

"తన చెట్టేంటి?" మామగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరి చెట్టు వాళ్ళనే కోసుకోమంటే పళ్ళ మీద ఆశకొద్దీ ఎడాపెడా గుంజేస్తారని, చెట్టు ఇచ్చే ఏడు కోత పక్కవాడి చేత కోయించడం మా తాతల నాటి పద్ధతి. పెద్ద చెట్టు పెద్దల్లుడికేనని నేనెప్పుడో అనుకున్నాను."

ఆయన పెద్దల్లుడి చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"ఇది నీ చెట్టురా అబ్బాయ్."