జున్ను పెట్టిన పేర్లు

పెరుగు మీది మీగడ ఎవరు తిన్నారని ఆదివారం పొద్దున్నే తగువు.

"నేను కాదు," అన్నారు మా ఆయన.

"అయితే మీసానికున్నదేంటి నాన్నా, సున్నమా?" అంది మా అమ్మాయి లహరి.

చివరికి కుక్కను సాక్ష్యానికి పిలిచారు. కుక్కల మనసులో మాట పైకి చెప్పే మెడపట్టీలు వచ్చాక ఏ ఇంట్లో చూసినా ఇదే వరస.

"ఏదీ తిన్నాడు," అంది మా జున్ను పట్టీ.

ఎవరి నోట ఏ మాట ఎక్కువ వింటే అదే వాళ్ళ పేరనుకుంటుంది జున్ను. "ఏదీ నా కళ్ళజోడు, ఏదీ నా తువ్వాలు" అంటూ ఇల్లంతా తిరిగే మా ఆయన దానికి 'ఏదీ'. ఏ పని చెప్పినా "ఉండమ్మా" అనే లహరి 'ఉండమ్మా'. నేను 'తిన్నావా'.

మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ వడ్డిస్తుంటే జున్ను నా కాళ్ళకు అడ్డంపడింది.

"తిన్నావా తినలేదు. తిన్నావా రోజూ నిలబడి తింటుంది."

"పట్టీ పాడైనట్టుంది," అన్నారు మా ఆయన.

"కాదు నాన్నా. అమ్మ గురించి చెబుతోంది," అంది లహరి మెల్లగా.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఇంకెవరూ గమనించలేదు. నాకు కోపం కూడా రాలేదు, కాళ్ళు లాగుతున్నాయి. గరిటె గిన్నెలో వదిలేసి, కంచం తెచ్చుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను.

"ఇకనుంచి నేనూ మీతోపాటే తింటాను. ఎవరిది వాళ్ళే వడ్డించుకోండి."

మా ఆయన అన్నం కలుపుతూ అలవాటుగా అడిగారు. "నెయ్యి ఏదీ?"

"వంటింట్లో ఉంది, తెచ్చుకోండి. నేను తింటున్నాను."